ఓడ దిగిన నక్షాలు

అండమాన్‌లో ఒక రేవు పేరు మూటాముల్లె సర్దుకుని మరో చోటికి వెళ్ళిపోయింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో దక్షిణ అండమాన్ తూర్పు ఒడ్డున, చాతం అనే చిన్న దీవి మీద విడిది వేశాడు. ఆ రేవుకు పోర్ట్ కార్న్‌వాలిస్ అని పేరు పెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి, యుద్ధనౌకలు నిలవడానికి ఉత్తర అండమాన్‌లోని ఇంకో రేవు మేలని పైవాళ్ళకు తోచింది. 1792లో మనుషుల్నీ సామాన్లనీ, వాటితోపాటు పేరునీ ఓడలకెక్కించి అక్కడ దించారు. ఉత్తరాన వెలసిన ఊరు కూడా పోర్ట్ కార్న్‌వాలిసే. దక్షిణాన సాగిన తంతే అక్కడా మొదలైంది: అడవి కొట్టడం, గుడిసెలు వేయడం, మొక్కలు నాటడం. కానీ నేల వేరు, గాలి వేరు. జ్వరాలు పట్టుకున్నాయి, చావులు ఆగలేదు. 1796లో కంపెనీ అక్కడ దుకాణం కట్టేసింది. అరవై ఏళ్ళ తర్వాత, 1857 తిరుగుబాటు ఖైదీలను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు డాక్టర్ మౌట్ నాయకత్వంలోని సంఘం దీవులన్నీ చూసి బ్లెయిర్ పాత రేవునే ఎంచింది. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగాడు. ముందు ఎక్కడ అడవి కొట్టించాడు? అదే చాతంలో. అక్కడ మంచినీళ్ళు చాలవని త్వరలోనే తెలిసింది. మకాం రాస్ దీవికి మారింది. రేవు ఎంత లోతో, ఓడ ఎక్కడ నిలుస్తుందో కాగితాల మీద భద్రంగా ఉంది. వందలమందికి రోజూ తాగునీళ్ళు సరిపోతాయా అన్నది దిగాక గానీ తేలలేదు.

ఇలా ఒకచోటి కట్టడాన్ని దాచిపెట్టి మరోచోట దించే పనిని ఇవాళ్టి కుర్రకారు ఆటగా ఆడుతున్నారు. మైన్‌క్రాఫ్ట్, రస్ట్ లాంటి సర్వైవల్ ఆటల్లో పదిమందో వందమందో ఒకే లోకంలో ఉత్తచేతులతో దిగుతారు. చెట్టు కొట్టాలి, రాయి తవ్వాలి, చీకటి పడేలోగా తలదాచుకునే గూడు కట్టాలి. దాన్ని వాళ్ళు బేస్ అంటారు. రాత్రుళ్ళు నిద్ర మానుకుని కట్టిన బేస్‌ను ఊరికే పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? అందుకని నక్షా దాచుకుంటారు. మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్ళకు స్కీమాటిక్ అనే ఫైలు తెలుసు. కట్టడంలో ఏ దిమ్మ ఎక్కడుందో అందులో పూసగుచ్చినట్టు ఉంటుంది. కొత్త లోకంలో దాన్ని తెరిస్తే గాల్లో నీడలాంటి ఇల్లు నిలబడుతుంది. సర్వైవల్ పద్ధతిలో ఆడేటప్పుడు ఆ నీడ వెంబడి దిమ్మలు మనమే తెచ్చి పేర్చుకోవాలి. రస్ట్‌లో ఇంకో తమాషా: నెలకోసారి, మొదటి గురువారం, సర్వర్లన్నిటా పటం తుడిచిపెట్టుకుపోతుంది. వైప్ అంటారు దాన్ని. కోటలన్నీ మాయమవుతాయి. ఆటగాళ్ళు మాత్రం నిమిషాల్లో పాత బేస్‌నే కొత్త నేల మీద లేపడం మొదలెడతారు; గోడల వరస వేళ్ళకు కంఠతా వచ్చి ఉంటుంది. పేరున్న నక్షాను అందరూ వాడితే దాని లొసుగు కూడా అందరికీ తెలుస్తుంది. దోచుకోవడానికి వచ్చేవాడు సరుకు గది ఎక్కడుంటుందో ముందే తెలిసి వస్తాడు, ఏ గోడ పేల్చాలో లెక్కేసుకునే వస్తాడు.

ఆటగాళ్ళు నేర్చుకునే మొదటి పాఠం చాలా మామూలుది. చదును నేల మీద కట్టిన ఇంటి ఫైలును కొండవాలు మీద పరిస్తే సగం పునాది మట్టిలో కూరుకుపోతుంది, సగం గాల్లో వేలాడుతుంది. ఫైల్లో ఇల్లుంటుంది, ఇంటి కింది నేల ఉండదు. ఆ తలుపు అటువైపే ఎందుకు పెట్టారో, ఆ గోడ అంత మందం ఎందుకో ఉండదు. ఏ కట్టడాన్నైనా రెండు రకాలుగా దాచుకోవచ్చు: దాని ఆకారాన్ని దాచుకోవచ్చు, లేదా ఆ ఆకారం ఎందుకొచ్చిందో ఆ కారణాన్ని దాచుకోవచ్చు. రెండు వందల ఏళ్ళకు పైగా అండమాన్ నికోబార్‌లో బయటినుంచి వచ్చిన పాలకులు దించినవి ఎక్కువగా మొదటి రకం. దీవులవాళ్ళు దాచుకున్నవి రెండో రకం. ఈ తేడాతో చూస్తే సెల్యులార్ జైలు నుంచి సునామీ ఇళ్ళ దాకా అక్కడి కట్టడాల చరిత్ర ఒక వరసలోకి వస్తుంది. అన్నట్టు, ఆ ఆటలు పోర్ట్ బ్లెయిర్‌కు సరిగ్గా అందింది నిన్నమొన్ననే. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి దాదాపు 2,300 కిలోమీటర్ల కేబులు సముద్రం అడుగున చేరేదాకా దీవులకు ఉపగ్రహమే దిక్కు. 36,000 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి దిగివచ్చే సంకేతంతో, మీట నొక్కిన అరసెకనుకు గానీ ఆటలో కత్తి కదలదు. ఆపాటికి అవతలివాడు పొడిచేసి ఉంటాడు.

సెల్యులార్ జైలు నక్షా పుట్టుక అండమాన్‌కు ఎంతో దూరం. 1829లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ హావిలాండ్ అనే వాస్తుశిల్పి గీసిన ఈస్టర్న్ స్టేట్ జైలు తలుపులు తెరుచుకున్నాయి. నడుమ ఒక కేంద్రం, దాని నుంచి బండిచక్రం ఆకుల్లా సాగిన ఏడు బారులు, బారు నిండా ఒంటరి గదులు. ఆ ఆకారం వెనక ఒక నమ్మకం ఉంది. నేరస్తుణ్ణి ఒంటరిగా ఉంచితే అంతరాత్మతో మాట్లాడుకుని పశ్చాత్తాపపడతాడని అక్కడి క్వేకర్ల భావన. అందుకే గదికో పైకప్పు కిటికీ, నీళ్ళు, చలికి వెచ్చదనం, వెనక గోడకట్టిన చిన్న పెరడు కూడా ఇచ్చారు. 1842లో ఆ జైలు చూసిన చార్లెస్ డికెన్స్, ఒంటరితనం మనసును చిత్రహింస పెడుతుందని మండిపడ్డాడు. అది వేరే కథ. అంతకుముందే బ్రిటన్ ప్రభుత్వం విలియం క్రాఫర్డ్ అనే వ్యక్తిని పంపి అమెరికా జైళ్ళు చూపించింది. 1834లో అతను నివేదిక ఇచ్చాడు. 1842లో లండన్‌లో పెంటన్‌విల్ జైలు అదే చక్రం ఆకారంలో లేచింది. ఆ తర్వాత ఆరేళ్ళలో బ్రిటన్‌లో అదే మూసలో 54 జైళ్ళు కట్టారని లెక్క. మన రాతప్రతుల కథల్లో ఒక లేఖకుడుంటాడు. మూలంలో చచ్చి అతుక్కున్న ఈగ కనిపిస్తే, ఇంకో ఈగను చంపి నకల్లోనూ అంటించాడట. మక్కీకి మక్కీ అన్న మాటకు మన పెద్దలు చెప్పే కథ అదే. పందొమ్మిదో శతాబ్దపు జైలు ఇంజనీర్ల మీద ఆ మాట అక్షరాలా అంటే అన్యాయమే గానీ, చుట్టరికం లేకపోలేదు.

1890లో ఛార్లెస్ లయల్, ఎ.ఎస్. లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులు పోర్ట్ బ్లెయిర్ వచ్చి చూశారు. వాళ్ళను కలవరపెట్టిన సంగతి వింటే ఇవాళ ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది. మన ఊళ్ళలో ద్వీపాంతరం అంటే తిరిగిరాని ప్రయాణం, కులం పోయే కాలాపానీ. కానీ ఆ అధికారుల లెక్కలో శిక్ష మరీ తేలికైపోయింది. కొన్నేళ్ళు గడిస్తే ఖైదీలు అక్కడ కొంత స్వేచ్ఛగా తిరిగి పనిచేసుకుంటున్నారు, కొందరు సంసారాలు పెట్టుకుంటున్నారు. మెయిన్‌ల్యాండ్ జైళ్ళలో మగ్గేవాళ్ళు అండమాన్ వెళ్ళడమే నయమనుకుంటున్నారని వాళ్ళ అభిప్రాయం. అందుకని కొత్తగా వచ్చినవాణ్ణి మొదటి ఆరు నెలలు ఒంటరిగదిలో పెట్టి కాస్త చవి చూపించాలని సిఫార్సు చేశారు. దాని ఫలితమే సెల్యులార్ జైలు. 1896లో పని మొదలై 1906లో పూర్తయింది. ఏడు బారులు, ఒక్కోటి మూడంతస్తులు, నడుమ కాపలా బురుజు, మొత్తం 690కి పైగా గదులు. బర్మా నుంచి తెచ్చిన ఇటుకలతో ఖైదీల చేతనే కట్టించారు. ఒక బారు గదుల ముఖం పక్క బారు వీపువైపు ఉంటుంది, ఒకరికొకరు కనపడకుండా. గడియ లోపలివాడి చెయ్యి అందనంత దూరంలో గోడలోకి చెక్కి ఉంటుంది. ఫిలడెల్ఫియా నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా చక్రం ఆకారం వచ్చింది, ఏకాంతం వచ్చింది. పశ్చాత్తాపం మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది. ఒకచోట మనసు మార్చాలనుకున్న గది, ఇక్కడ భయపెట్టడానికి సరిపోతే చాలు. పైకప్పు కిటికీ లేదు, పెరడు లేదు. మనిషి అందుకోలేనంత ఎత్తున చిన్న వెంటిలేటరు ఒకటి.

ఈ జైలు తన నక్షాకే ఎలా ఎదురు తిరిగిందో చూడాలి. చక్రం ఆకుల మధ్య మూడుమూలల ఖాళీ జాగాలు మిగులుతాయి. ఒంటరితనమే ఉద్దేశమైతే వాటిలో ఎవరూ కలవకూడదు. కానీ పోర్ట్ బ్లెయిర్ జైలుకు ఆదాయం కావాలి. ఆ జాగాల్లో షెడ్లు వేసి కొబ్బరిపీచు దంచించారు, గానుగలు తిప్పించారు. మనిషికి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె అన్న లెక్క ఆ జైలు చరిత్రలో పేరుమోసింది. రాత్రి గోడలతో విడదీసినవాళ్ళను పగలు గానుగ కాడి ఒకచోటికి చేర్చింది. మాట కలిసింది, కబురు నడిచింది. 1922-24 రంప తిరుగుబాటులో అల్లూరి అనుచరుడైన గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి లాంటి తెలుగువాళ్ళూ ఆ దీవికి చేరినవాళ్ళే. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు వదిలారు. ఆ తర్వాత ఖైదీలు కొన్ని హక్కులు రాబట్టుకున్నారు. మనుషుల్ని విడదీయడానికే కట్టిన ఆ భవనంలో 1935లో కమ్యూనిస్ట్ కన్సాలిడేషన్ అనే సంఘం పుట్టింది. 1937లో మళ్ళీ దీక్ష. 1938 జనవరికల్లా రాజకీయ ఖైదీలను వెనక్కి పంపక తప్పలేదు. ప్రపంచమంతటా అచ్చుపోసిన ఒక ప్లానును ఒక గానుగ వమ్ము చేసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది: అంత పనికిరాని నక్షా అయితే ఆ జైలు ఇవాళ్టికీ ఎలా నిలబడింది? నిలబడ్డది మూడు బారులే. 1941 జూన్ 26న వచ్చిన పెద్ద భూకంపం దాన్ని దెబ్బతీసింది. 1942 మార్చిలో దిగిన జపాన్ సేనల కాలంలో కొంత, స్వాతంత్ర్యం తర్వాత మరికొంత, మొత్తం నాలుగు బారులు పోయాయి. ఖాళీ అయిన జాగాలో 1963లో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి వచ్చింది. మిగిలిన మూడూ కూల్చొద్దని ఒకప్పటి ఖైదీలు పట్టుబట్టారు. 1979 ఫిబ్రవరి 11న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ దాన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. అంటే ఆ భవనాన్ని కాపాడింది హావిలాండ్ గీసిన గీతలు కాదు, అందులో మగ్గినవాళ్ళ జ్ఞాపకం. ఒక కట్టడం నిలబడటం, అది ఉద్దేశించిన పని చేయడం వేరువేరు సంగతులు.

ఇక దక్షిణానికి, నికోబార్‌కు వెళ్దాం. అక్కడి పాత ఇంటికి కాగితం మీద ప్లాను లేదు. కార్ నికోబార్‌లో ఆ ఇల్లు దూరం నుంచి తేనెపట్టు గూడులా, దగ్గరికెళితే బోర్లించిన పెద్ద గంపలా కనిపిస్తుంది. మనిషెత్తు గుంజల మీద గుండ్రటి నేల, దాని మీద గడ్డితో నేసిన బోర్లా గిన్నెలాంటి కప్పు. గోడ అంటూ వేరే లేదు; కప్పే కిందికి దిగి గోడవుతుంది. మేకులు కొట్టరు, బెత్తం తీగలతో కట్టేస్తారు. నిచ్చెన ఎక్కి నేలలోని కంతలోంచి లోపలికి దూరాలి. గుంజకు పైన, నేల తగిలే చోట, చెక్క బిళ్ళలు తొడుగుతారు. గుంజ పట్టుకుని ఎగబాకిన ఎలుక ఆ బిళ్ళ దగ్గరకొచ్చి ఆగిపోతుంది. నేల పలకల సందుల్లోంచి గాలి పైకి తోస్తుంది. పగటిపూట మాటామంతీ అంతా ఇంటి కింద నీడలోనే. అక్కడ కూర్చునే బల్లలు వేలాడుతుంటాయి. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట, దేశంలోకెల్లా ఎక్కువ భూకంప ప్రమాదమున్న అయిదో మండలంలో, తేలికగా, గుండ్రంగా, ఊగినా విరగకుండా ఉండే ఇల్లు అది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇల్లు ఒక ఆలుమగల కోసం కట్టింది కాదు. కార్ నికోబార్‌లో తుహెత్ అనే పెద్ద కుటుంబం ఉంటుంది; తోటలు, పందులు, భూమి దానివి. ఇంటి కొలత తుహెత్ కొలతను బట్టి వస్తుంది. ఒడ్డున ఎల్‌పనం అనే ఉమ్మడి జాగా వేరు. పురుడు, చావు, పడవలు, పండగలు అక్కడ.

ఈ గుండ్రటి ఇల్లు చూస్తే ఉత్తరాంధ్ర మనిషికి చుట్టిల్లు గుర్తుకురాక తప్పదు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో మట్టిగోడను చుట్టూ తిప్పి, తాటాకు కప్పును నేల దాకా దించి కట్టిన ఆ ఇళ్ళు తుపాను గాలిని మూలకు తగలనివ్వకుండా పక్కలకు జార్చేస్తాయి. బంగాళాఖాతం ఆ గట్టున ఒకరు, ఈ గట్టున ఒకరు. ఒకరి నుంచి ఒకరు కాపీ కొట్టాల్సిన అవసరం లేకుండానే గాలే ఇద్దరికీ అదే ఆకారం నేర్పింది. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ లాంటి చోట్ల స్థిరపడ్డ మన మత్స్యకార కుటుంబాలకు మూలమైన ఊళ్ళు ఈ చుట్టిల్లు తీరంలోవే. ఒక కారణం రెండు చోట్ల ఉంటే ఆకారం దానంతటదే వస్తుంది. ఆకారాన్ని మాత్రమే మోసుకెళితే కారణం వెంట రాదు. చౌరా దీవి కుండల సంగతి ఇంకా విడ్డూరం. నికోబార్ దీవులన్నిటికీ కుండలు చేసే హక్కు చౌరా ఆడవాళ్ళదే. వేరే దీవివాళ్ళు చేయకూడదని కట్టుబాటు. మరి చౌరాలో మట్టి ఉందా అంటే లేదు, పక్కనున్న తెరెస్సా దీవి నుంచి పడవల్లో తెచ్చుకోవాలి. మట్టి ఒకచోట, చెయ్యి ఒకచోట. కుండ ఎలా చేయాలన్నది అందరికీ పంచిపెట్టే ఫైలుగా కాక, ఎవరు చేయవచ్చు, ఎవరు చేయకూడదన్న నియమంతో కలిపి దాచుకున్నారు. దానివల్ల దీవుల మధ్య రాకపోకలు ఆగకుండా సాగాయి. కుండ ఆకారం ఒక్కటే కావాలనుకుంటే అంత సముద్రం దాటాల్సిన పనిలేదు.

2004 డిసెంబరు 26 ఉదయం సునామీకి ఆ దీవుల పటం తుడిచిపెట్టుకుపోయింది. ఆ మాటను ఆటల భాష నుంచి అరువు తెచ్చుకుని రాయడం మొరటుగా తోచవచ్చు. ఆటలో తుడుపుకు ముందు తారీకు ప్రకటిస్తారు, ఎవరూ చావరు. ఇక్కడ అధికారిక లెక్కలో చనిపోయినవాళ్ళూ కానరాకుండా పోయినవాళ్ళూ కలిపి 3,500 మందికి పైనే. ఎక్కువమంది నికోబార్ వాళ్ళే. పోలిక ప్రాణనష్టానికి చెందదు. అది ఒక్కచోటనే వర్తిస్తుంది: తీరం పోయాక, ఇల్లు పోయాక, కట్టడం తెలిసినవాళ్ళు మిగిలారా, వాళ్ళ తెలివిని ఎవరైనా అడిగారా అన్న దగ్గర. లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో ఓంగీ తెగవాళ్ళు ఆ ఉదయం సముద్రం తీరు చూసి ఎత్తైన చోటికి వెళ్ళిపోయారు, అందరూ బతికారు. వాళ్ళు దాచుకున్నది ఇల్లు కూడా కాదు, ఎప్పుడు ఇల్లు వదలాలన్న ఎరుక. నికోబార్‌లో పరిస్థితి వేరు. ఊళ్ళన్నీ తీరం మీదే ఉన్నాయి. పాత పద్ధతి ఇల్లయినా, రేకుల ఇల్లయినా, సిమెంటు ఇల్లయినా అలకు ఒకటే. పాత ఇంటి నక్షా సునామీ నుంచి కాపాడిందని ఎవరైనా అంటే అది గొప్పకోసం చెప్పే మాట.

అసలు కథ ఆ తర్వాతే. ట్రింకెట్ దీవి మూడు ముక్కలైంది. అక్కడివాళ్ళు కామోర్టా దీవి చేరారు. చౌరావాళ్ళను తెరెస్సాకు తరలించారు, కొన్నాళ్ళకు వాళ్ళు తమ దీవికి తిరిగివెళ్ళారు. 2005లో వరసగా రేకుల షెడ్లు వేశారు. ఎండకు పెనంలా కాలే షెడ్లు, వానకు డప్పుల్లా మోగే షెడ్లు. ఆ తర్వాత కొన్నేళ్ళలో శాశ్వత గృహాలు లేచాయి, రెండు దీవుల సముదాయాల్లో కలిపి దాదాపు 9,800. ఉక్కు చట్రాలు, కప్పులు, సిమెంటు అంతా మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడల్లో. ఇంజనీర్లు గుడ్డిగా కట్టారని అనలేం. భూకంపాల లెక్క చూశారు, తేలికపాటి చట్రం ఎంచుకున్నారు, నికోబార్‌లో చాలా ఇళ్ళను స్తంభాల మీదకు లేపారు. పాత ఇంటి గుంజలు నక్షాలోకి వచ్చాయన్నమాట. కానీ ఇల్లు ఒక్కో చిన్న కుటుంబానికి ఒక్కొక్కటి చొప్పున లెక్కగట్టారు. పరిహారమూ అదే లెక్క, బ్యాంకు ఖాతా కూడా అదే లెక్క. ఒక తుహెత్ కిందకు వచ్చే పదీపన్నెండు జంటలు ఒక్కో పెట్టెలో పడ్డాయి. పందులు ఎవరివి, తోట ఎవరిది, పండక్కి వండిపెట్టేదెవరు అన్న ప్రశ్నలకు ఆ వరస ఇళ్ళలో చోటు లేదు. తీరం మీది ఎల్‌పనం దూరమైంది, కొన్నిచోట్ల లేకుండానే పోయింది. గుంజలెత్తి కట్టిన ఇంటి కింద మునుపటి నీడ ఉంది, అక్కడ కూర్చునే బలగం చెదిరిపోయింది. అందుకే చాలామంది ఆ ఇళ్ళ పక్కన తమ చేత్తో పాకలు వేసుకున్నారు.

ఇప్పుడు అసలైన ఎదురువాదన. పదివేల కుటుంబాలు నిలువనీడ లేక ఉంటే ఊరూరా తిరిగి తుహెత్ కొలతలు తీసుకుంటూ కూర్చోవాలా? ఒక్క అచ్చు తయారుచేసి, దాన్నే పదివేలసార్లు పోస్తేనే కదా పని సాగేది? మొదటి ఆరు నెలల విషయంలో ఈ వాదనతో తగవు లేదు. పెనుతుపాను తర్వాత దివిసీమలో కూడా ముందు టార్పాలిన్లే, తర్వాతే కాలనీలు. 1977 నవంబరు 19 తర్వాత తీరంలో లేచిన ఒకే తరహా ఇళ్ళను తప్పుపట్టలేం. కానీ నికోబార్ శాశ్వత గృహాలు ఆరు నెలల్లో వచ్చినవి కావు, ఏళ్ళు పట్టాయి. ఏళ్ళ తరబడి టైము ఉన్నప్పుడు అచ్చును మార్చకపోవడానికి తొందర కారణం కాదు. పాత లెక్కల పుస్తకంలో కుటుంబం అంటే ఇద్దరు పెద్దలు, పిల్లలు అని రాసి ఉంది. దాన్ని మార్చే అధికారం ఇంజనీరుకు లేదు. ఇల్లు ఎంతమందికన్నది ఇంటి కొలత కన్నా ముందు తేలాలి. ఆ సంగతి నక్షా గీసిన గదిలో ఎవరూ అడగకపోతే, తర్వాత ఎంత మంచి ఉక్కు వాడినా ఆ లోటు పూడదు.

ఇంకొకటీ అనవచ్చు. నికోబార్ వాళ్ళ గుండ్రటిల్లు కూడా తరతరాలుగా ఒకే మూసలో కట్టిందే కదా, అది మక్కీకి మక్కీ కాదా? మూసే. కానీ ఆ మూస ప్రతిసారీ కట్టే చేతుల్లోంచి పోవాలి. ఏ చెట్టు దొరికితే ఆ చెట్టు గుంజ, ఏ గాలి వీస్తే అటు నిచ్చెన. కప్పు కొన్నేళ్ళకొకసారి నేయాల్సిందే కాబట్టి, నేసిన ప్రతిసారీ కుర్రవాళ్ళు పెద్దవాళ్ళ పక్కన నిలబడి కొత్తగా నేర్చుకుంటారు. మన కోస్తాలోనూ వేసవికి ఇల్లు నేయించడం అంటే అంతే. తాటాకుతోపాటు ఆ నేర్పు కూడా ఏటా కొత్తబడేది. ఆటల్లో పనిమంతులైన ఆటగాళ్ళూ ఇదే చేస్తారు. ఫైలును అలాగే పరచరు. ముందు నేల చూస్తారు, నీళ్ళు ఎటున్నాయో, పక్కన ఎవరు దిగారో చూస్తారు. తర్వాత అదే బేస్‌ను కాస్త తిప్పుతారు, ఒక అంతస్తు తగ్గిస్తారు, తెలిసిపోయిన సరుకు గదిని ఇంకోచోట పెడతారు. సెల్యులార్ జైలుకు గానీ శాశ్వత గృహాలకు గానీ ఆ తిప్పడం, తగ్గించడం, చోటు మార్చడం చేసే వీలు కట్టేవాడికి ఇవ్వలేదు. కట్టేవాడు ఖైదీ, లేదా మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన కూలీ. ఉండబోయేవాడు అక్కడ లేడు.

దీవుల మీద కొత్త నక్షాలు దిగడం ఆగలేదు. గ్రేట్ నికోబార్‌లో గలాతియా బే దగ్గర పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, ఒక కొత్త పట్టణం కలిపి దాదాపు 72,000 కోట్ల రూపాయల పథకానికి 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. 130 చదరపు కిలోమీటర్ల అడవి అందులోకి పోతుందన్నది పథకం కాగితాల్లోని లెక్కే. సునామీకి ముందు ఆ తీరంలో బతికిన నికోబారీలు, లోపలి అడవిలో ఉండే షోంపెన్‌లు ఆ పటంలో ఎక్కడ నిలుస్తారన్న చర్చ నడుస్తోంది. 2004 భూకంపం ఒకే గంటలో ఉత్తర అండమాన్ ఒడ్డును పైకెత్తి, పగడాల దిబ్బలను గాలికి ఆరబెట్టింది. గ్రేట్ నికోబార్ కొసను నాలుగు మీటర్లకు పైగా కుంగదీసింది. గలాతియాకు దగ్గర్లోనే, దేశం దక్షిణపు కొన అయిన ఇందిరా పాయింట్ మీద 1972లో వెలిగించిన లైట్‌హౌస్ ఉంది. సునామీ వెళ్ళాక చూస్తే దాని పాదాలు సముద్రంలో ఉన్నాయి. కట్టడంలో లోపమేమీ లేదు. ఇరవై ఏళ్ళు దాటినా అది అక్కడే, నీళ్ళలో, నిటారుగా నిలబడి ఉంది. నక్షాలో నేల ఉన్న చోట మాత్రం ఇప్పుడు అలలు.